నిర్మల్ నుంచి వచ్చిన రాక్షసబల్లి

ఆర్మూర్
జూలై 13

బావకు,

నమస్కారం పెట్టాలని లేదు. పెట్టకపోతే అక్క కోపం చేస్తుందని పెడుతున్నాను.

మొన్న మన డైనోసార్ మోడల్స్ సేకరించేవాళ్ళ గ్రూపులో నీ స్పైనోసారస్ ఫొటోలు చూశాను. ఒకటి కాదు, పదకొండు! నోరు తెరిచి ఒకటి, మూసి ఒకటి, తోక వైపు నుంచి ఒకటి. పాదం కింద నంబరు కనబడాలని బోర్లించి మరీ ఒకటి తీశావు. "మూడు వందల్లో పదిహేడోది" అని కింద రాసుకున్నావు. ఎవరడిగారయ్యా నిన్ను? ఆ టైముకు నేను దుకాణంలో గద్దె మీద కూర్చుని పసుపు కొమ్ము విరిచి చూస్తున్నాను. రైతు ఎదురుగా నిలబడ్డాడు. నాకు కొమ్ము లోపలి రంగు కనబడలేదు, నీ స్పైనోసారస్ వీపు మీది తెరచాపే కనబడింది. మధ్యాహ్నం అన్నం సగంలో లేచాను. మా వినీత కంగారుపడి "ఏమైందండి? మార్కెట్ పడిపోయిందా?" అని అడిగింది. బావకు స్పైనోసారస్ వచ్చిందన్నాను. "ఆయనకు వస్తె మీకేం నొప్పి?" అన్నది. నొప్పి ఎక్కడో ఆమెకు ఎట్లా చెప్పేది?

ఇదంతా ఫోనులో కడిగేసేవాణ్ణి. ఏం చేయను, డిసెంబరులో చిన్నాయన కొడుకు పెళ్ళిలో, టి-రెక్స్‌కు పెదవులు ఉండేవా లేవా అని మనిద్దరం బంతి భోజనాల మధ్య అరుచుకున్నాక అక్క ఒట్టు వేయించింది కదా. "బల్లుల ముచ్చట ఇగ ఫోన్ల తీస్తె నా మీద ఒట్టే. గంత ఆగకపోతె కాయితం మీద రాసుకొని గా డబ్బలల్ల పెట్టుకోండ్రి" అన్నది. ఆ పుణ్యమా అని ఈ వయసులో నేను ఉత్తరాలు రాసి, మనం మోడల్స్ పంపుకునే డబ్బాల్లో పెడుతున్నాను.

ఈ డబ్బాలో నీ ట్రైసెరటాప్స్ ఉంది. ఎండకు వంగిపోయిన ముందు కాలు వేడినీళ్ళలో పెట్టి సరిచేశాను. ఇప్పుడు సక్కగా నిలబడుతుంది.

ఒక్క మాట బావా. నువ్వు అక్కను చేసుకోవడానికి వచ్చినప్పుడు సూట్‌కేసులోంచి ఒక చిన్న డైనోసార్ తీసి నాకు చూపించావు. ఈ పిచ్చి అప్పటిది. అప్పటి నుంచి నేను ఏది కొన్నా అది నీ దగ్గర ముందే ఉంటుంది. నేను మురిసిపోతూ ఫొటో పెడతాను, నువ్వు కింద "నాకు 2019లోనే వచ్చింది" అని రాస్తావు. ఈసారి అట్లా కాదు. నేనొకటి చేయిస్తున్నాను. కొనడం కాదు, చేయించడం. ఏమిటో చెప్పను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు, చూద్దాం.

హరిప్రసాద్


మంచిర్యాల
ఆగస్టు 4

బామ్మర్దీ,

ట్రైసెరటాప్స్ అందింది. వేడినీళ్ళలో ఎంతసేపు ముంచావు? పసుపు ఉడకబెట్టినట్టు ఉడకబెట్టావా? మోకాలు దగ్గర రంగు తేలిపోయింది. సరే, నిలబడుతోంది, అదే పదివేలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెప్తూ కూడా నవ్వు వచ్చింది. నీ కడుపు అంత మండుతుందని తెలిస్తే పన్నెండో ఫొటో కూడా పెట్టేవాణ్ణి.

చేయిస్తున్నావా? ఎవరితో? వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్ళతోనా? బామ్మర్దీ, మోడల్ అంటే బొమ్మ కాదు. చర్మం మీద మడతలు ఎటు తిరగాలో తెలియాలి. ముందు కాళ్ళ మణికట్టు ఎటు చూడాలో తెలియాలి. ఈ సంగతులు తెలిసినవాడు మన చుట్టుపక్కల ఎవడూ లేడు. ఉత్త ఖర్చు, ఉత్త తిప్పలు. మంచి కోరి చెప్తున్నాను.

ఇది రాస్తుంటే మీ అక్క వంటింట్లోంచి తొంగి చూసి "తమ్మునికేనా? ఏం రాస్తున్నరు?" అంది. బల్లుల ముచ్చట అన్నాను. "నేను మంచిగున్న అని సుత రాయిండ్రి" అంది. రాశాను. మంచిగుంది.

భూమేష్


ఆర్మూర్
అక్టోబరు 19

బావకు,

దాచలేకపోతున్నాను, చెప్పేస్తున్నాను. కోటసారస్.

చదివావా? మళ్ళీ చదువు. కో-ట-సా-ర-స్. పద్దెనిమిది కోట్ల ఏళ్ళ కింద మన గోదావరి ఒడ్డున తిరిగిన జంతువు. ప్రపంచంలో ఏ కంపెనీ దీని మోడల్ సరిగ్గా తీయలేదు. జర్మనీ వాడికి పట్టదు, చైనా వాడికి పట్టదు. నాకు పట్టింది.

చేసేది నిర్మల్‌లో నడిపయ్య. డెబ్బై నాలుగేళ్ళు. పొనికి చెక్కతో సీతాఫలాలు, వంకాయలు, పిట్టలు చేసి చేసి వేళ్ళు వంకర తిరిగిన మనిషి. ఆయన చేసిన వంకాయను నేను ఓసారి నిజమనుకుని తొడిమ పట్టి తీశాను. అప్పుడే అనుకున్నాను, వంకాయ తొడిమ ఇంత చక్కగా చూసినవాడు చర్మం మడత చూడలేడా అని.

జూలై నుంచి ప్రతి ఆదివారం సోన్ దగ్గర గోదారి దాటి పోతున్నాను. మొదటి రోజు బొమ్మలు, పుస్తకాలు ముందర పెట్టి చెప్తే అన్నీ విని ఆయన అడిగింది ఒక్కటే. "గిది ఏం తింటదయ్యా?" ఆకులన్నాను. "మరి గీ బొమ్మలల్ల మొఖం మీద గంత కోపమెందుకు పెట్టిండ్రు? ఆకులు తినేదానికి కోపమెందుకొస్తది?" బావా, ఇరవై రెండేళ్ళ నుంచి మనిద్దరం ఇన్ని పుస్తకాలు తిరగేశాం, ఈ మాట మనకు తట్టిందా?

దీని తల దొరకలేదు కదా, నీకు తెలుసు. ఏవో పళ్ళు దొరికాయంతే. మ్యూజియంలో పెట్టిన తల కూడా ఊహించి చేసిందే. ఆ సంగతి చెప్తే నడిపయ్య "తల లేదా? మరి నేనెట్ల జెయ్యాలె?" అన్నాడు. నీ ఇష్టం తాతా అన్నాను. ఆయన ఉలి కింద పెట్టి నా మొహం చూశాడు. "యాభై ఏండ్ల సంది ఎవ్వడు నా ఇష్టమనలే" అన్నాడు. మూడు వారాలైంది, ఇంకా తల ముట్టలేదు. ఆలోచిస్తున్నాడు.

ఒళ్ళు సగం అయింది. ఫొటో ఈ డబ్బాలో పెట్టాను. గ్రూపులో పెట్టకు. ముందు నేనే పెట్టాలి.

ఇప్పుడు చెప్పు బావా, 2019లోనే వచ్చిందా నీకు?

హరిప్రసాద్


మంచిర్యాల
నవంబరు 9

బామ్మర్దీ,

ఉత్తరం అందింది. ఫొటో చూశాను.

కోటసారస్ దొరికిన యామన్‌పల్లి మా మంచిర్యాల వైపు ఉంది, మీ ఆర్మూర్ వైపు లేదు. ఈ విషయం గుర్తుంటే బాగుండేది.

ముందు కాళ్ళు ఏనుగు కాళ్ళలా ఉన్నాయి. ఇంత లావు ఉండవు. తోక నేల మీద ఈడుస్తోంది, అది వందేళ్ళ కిందటి తప్పు. మెడ మరీ నిటారుగా లేపాడు. పక్కటెముకల దగ్గర పొట్ట బాన లాగా ఉంది. పొనికి చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం పగులుతుంది, అది నీ ఖర్మ.

అభినందనలు.

మీ అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందో మీ అక్క అడగమంది.

భూమేష్


ఆర్మూర్
ఫిబ్రవరి 8

బావకు,

నీ నవంబరు ఉత్తరం ఎంత మేలు చేసిందో నీకు తెలియదు. తీసుకుపోయి నడిపయ్యకు చదివి వినిపించాను. "ఎవలయ్యా గీ సారు? మస్తు కుళ్ళుబోతున్నట్టున్నడు, గాని చెప్పింది నిజమే" అన్నాడు. తోక లేపాడు. ముందు కాళ్ళు సన్నం చేశాడు. పొట్ట తగ్గించాడు. నువ్వు తిట్టిన తిట్టు ఒక్కటీ వృథా పోలేదు. నీ కడుపు చల్లగుండ.

నిన్నటితో పని అయిపోయింది. బావా, ఎట్లా చెప్పను? రెండు జానల పొడుగు. వీపు మీద ముదురాకు రంగు, దిగుతున్న కొద్దీ గోధుమ రంగు, పొట్ట కింద ఎండుగడ్డి రంగు. మెడ ఒక పక్కకు తిప్పి ఉంది, ఎవరో పిలిస్తే చూసినట్టు. తల చూస్తే కోపం లేదు. లేగదూడ కళ్ళు పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, నడిపయ్య చూడకుండా తుడుచుకున్నాను.

ఇంకోటి చేస్తావా తాతా అని అడిగాను. చేయి చాపి చూపించాడు. వేళ్ళు వణుకుతున్నాయి. "గిదే ఆఖర్ది బిడ్డా. ఇగ చింతగింజల జిగురు గూడ కలపలేను" అన్నాడు. నాకు బాధ కలిగింది. బాధ పక్కనే ఇంకొకటి కూడా కలిగింది, నీ దగ్గర దాచడమెందుకు? ఇది భూమి మీద ఒక్కటే, అది నాది. నువ్వు ఎంత కష్టపడ్డా నీకు రాదు. ఆ మాట కారులో పైకే అన్నాను, రెండుసార్లు.

వార్నిష్ ఆరడానికి వారం కావాలట. తర్వాత బస్సు కార్గోలో మా ఇంటికి పంపిస్తాడు. నేను పసుపు లోడుతో సాంగ్లీ మార్కెట్‌కు పోతున్నాను, రెండు వారాల్లో వస్తాను. రాగానే గ్రూపులో ఫొటోలు పెడతాను. పన్నెండు పెడతాను.

హరిప్రసాద్


ఆర్మూర్
ఫిబ్రవరి 26

బావా,

నా కోటసారస్ నీ ఇంట్లో ఉంది.

సాంగ్లీ నుంచి నిన్న దిగాను. చెప్పులు విప్పకుండానే "అమ్మా, నిర్మల్ పెట్టె ఏది?" అని అడిగాను. అమ్మ బియ్యం ఏరుకుంటూ తల ఎత్తకుండా "ఇంకెక్కడిది? ఆడబిడ్డకు, మీ అక్కకు పంపిన" అంది.

తప్పు నాదే, చెప్తాను విను. నీకు తెలుసు కదా, నాయిన ఉన్నప్పుడు మా అంకాపూర్ చేను నుంచి కొత్త పసుపు దిగితే మొదటి మూట కాంటా ఎక్కేది కాదు. అది ముందు అక్క దగ్గరికి పోయేది, దాని మీద ఏదో ఒక వస్తువు పెట్టి. నాయిన పోయి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో నేను రెండుసార్లు పంపానేమో, మిగతావి మరిచిపోయాను. ఈసారి పసుపు దిగినప్పటి నుంచి అమ్మ నా వెంటబడింది. "అక్కకు ఏం పంపుతవురా? పసుపు మీద ఏం పెడతవు?" అని పొద్దున అదే, మాపున అదే. నాకేమో కోటసారస్ తప్ప ఇంకేదీ బుర్రలో లేదు. తప్పించుకోవడానికి "నిర్మల్ పెట్టె రానీ అమ్మా, అప్పుడు పంపుదాం" అన్నాను. ఆమె దాన్ని ఎట్లా పట్టుకుందో చూశావా? నిర్మల్ బొమ్మలు ఆడపిల్లలకు పెట్టడం ఉన్నదే కదా. పెట్టె వచ్చిన పూటే పసుపు మూట మీద పెట్టి కట్టించి కార్గోలో వేయించింది. వినీతకైనా తెలియొద్దా? "మీరే అన్నరట గద, అత్తమ్మ చెప్పింది" అంటుంది.

అది నాదే అమ్మా, నా కోసం చేయించుకున్నది అని అరిచాను. అమ్మ చేట పక్కన పెట్టింది. "ఆడబిడ్డకు పెట్టినంక నాది అంటవారా? గా మాట మీ నాయిన వింటె నోటి మీద కొడుతుండె" అంది.

సరే, అమ్మకు తెలియదు. అక్కకు తెలియదు. నీకు తెలుసు! పెట్టె అక్కడికి చేరి ఆరు రోజులు. నా ఉత్తరాలన్నీ చదివినవాడివి, అది ఎవరిదో, ఏమిటో, భూమి మీద ఎన్ని ఉన్నాయో తెలిసినవాడివి. దొంగకు తేలు కుట్టినట్టు ఆరు రోజులు ఎట్లా ఉన్నావయ్యా? నేను అక్కను అడగలేను. ఇచ్చింది తిరిగి ఇవ్వమని తోడబుట్టినదాన్ని ఏ మొహంతో అడగాలి? నువ్వే ఏదో చెప్పి పంపించు. వేరేది కొని ఇస్తానని చెప్పు. పట్టుచీర అయినా సరే. నీ కాళ్ళు మొక్కుతాను.

హరి


మంచిర్యాల
మార్చి 5

బామ్మర్దీ,

ఉంది. ఇక్కడే ఉంది.

ఆ రోజు బడి నుంచి వచ్చేసరికి మీ అక్క హాల్లో నేల మీద కూర్చుని ఉంది. ఒక పక్క పసుపు మూట, ఒళ్ళో అది. చీర కొంగుతో దాని మెడ తుడుస్తోంది. నన్ను చూసి "మా తమ్మునికి నేను యాదికొచ్చిన" అంది. నేను చెప్పులు విప్పడం మరిచిపోయి అట్లాగే నిలబడ్డాను. ఫొటోలో చూసింది వేరు, ఇది వేరు. నేను జీవితంలో చూసిన మోడల్స్‌లో ఇంత మంచిది లేదు. రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఆమెకు కోటసారస్ తెలియదు, కొంగ తెలియదు. దాని నుదుట కుంకుమ బొట్టు పెట్టింది! వార్నిష్ మీద! అయ్యో అయ్యో అని నేను ముందుకు ఉరికితే చేయి అడ్డం పెట్టింది. "ఇది మీ బల్లులల్లది గాదు. నాది. మీరు ముట్టద్దు" అంది. తన కుట్టుమిషన్ మీద పెట్టుకుంది. పక్కింటి వాళ్ళను పిలిచి మరీ చూపించింది. నేను దూరం నుంచి చూస్తున్నాను, హోటల్ బయట నిలబడ్డవాడిలాగా.

ఆరు రోజులు ఎందుకు పలకలేదని అడిగావు. చెప్తే నువ్వు అడుగుతావు, అడిగితే పోతుంది. నా అల్మారాలో లేకపోతేనేం, నా ఇంటి కప్పు కింద ఉంది కదా అనుకున్నాను. సిగ్గు లేదా అంటావు. లేదు.

ఇంకోటి కూడా దాచాను. మూడేళ్ళ కింద నేనూ నడిపయ్య దగ్గరికి పోయాను. అదే కోటసారస్ చేయమని. "నాకు కూరగాయలే వస్తయి సారూ" అని పంపించేశాడు. నీ అక్టోబరు ఉత్తరం చదివినప్పుడు నాకు ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకో. నాకు చేయనివాడు నీకెందుకు చేశాడు అని నెల రోజులు ఆలోచించాను. నేను కొలతలు రాసుకుని పోయాను, పద్నాలుగు పేజీలు. ప్రతి ఎముకకు లెక్క. నువ్వు పోయి నీ ఇష్టం తాతా అన్నావు.

నాతో అడిగించకు. ఆమె మొహం చూసినవాణ్ణి నేను. అడగాలంటే నువ్వే అడుగు.

భూమేష్


ఆర్మూర్
మార్చి 17

బావా,

నేను అడగలేదు. ఆమే ఫోను చేసింది.

"తమ్మీ, నా కోసమే చేపిచ్చినవా?" అని అడిగింది. అవునక్కా అన్నాను. "ఎన్ని రోజులు పట్టిందిరా?" అంది. ఎనిమిది నెలలన్నాను, అదైతే నిజమే. "ఎనిమిది నెలలు నన్ను మనసుల పెట్టుకొని తిరిగినవా" అని అటు వైపు ఏడ్చింది.

ఇంత మంచి అబద్ధం ఆడినవాడికి మనసు తేలిక పడాలి కదా? పడలేదు. ఇన్నాళ్ళూ నీ మీద కుళ్ళుకునేవాణ్ణి, దానికొక అందం ఉండేది. ఇప్పుడు సొంత అక్క మీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నాను. ఆమె కుట్టుమిషన్ మీద కుళ్ళుకుంటున్నాను. ఆమె పొద్దున లేచి దాన్ని ఊరికే చూస్తుంది కదా, కాలి గోళ్ళు కూడా లెక్క పెట్టదు కదా అని ఉడికిపోతున్నాను. ఛీ, ఏం బతుకిది!

కిటికీ పక్కన ఎండ తగిలే చోట పెట్టనివ్వకు. ఫ్యాను కింద కూడా వద్దు. నీ పేరు మీద గ్రూపులో ఒక్క ఫొటో కనబడిందో, ఒట్టు గట్టు మీద పెట్టి ఫోను చేస్తాను.

హరి


మంచిర్యాల
ఏప్రిల్ 11

బామ్మర్దీ,

ఈ ఉత్తరం డబ్బాలో పెట్టడం లేదు, పోస్టులో వేస్తున్నాను. డబ్బా వేరే వస్తుంది. ఎందుకో చదువు. చదివాక నన్ను ఏమన్నా అను.

మొన్న ఆదివారం కరీంనగర్ నుంచి మన గ్రూపు ప్రశాంత్ వచ్చాడు, నా కలెక్షన్ చూడటానికి. మీ అక్క కూరగాయలకు పోయింది. నాకు దుర్బుద్ధి పుట్టింది. కోటసారస్ తీసుకొచ్చి నా అల్మారాలో స్పైనోసారస్ పక్కన పెట్టాను, ఒక్క గంట. ప్రశాంత్ దాన్ని చూసి నా స్పైనోసారస్ వైపు తిరిగి కూడా చూడలేదు. ఇది మీదేనా సార్ అన్నాడు. నాదే అన్నాను.

అప్పుడే మీ అక్క సంచులతో లోపలికి వచ్చింది. "నా వస్తువు ఎవలనడిగి తీసిండ్రు?" అంది, అతని ముందే. నాకు తల కొట్టేసినట్టయింది. నోరు జారింది. "నీదెక్కడిది? మీ తమ్ముడు తన కోసం చేపిచ్చుకున్నడు. మీ అమ్మ తెల్వక పంపింది. ఉత్తరాలున్నయి, చూపియ్యాల్నా?" అన్నాను. ఆమె సంచులు కింద పెట్టి "చూపియ్యిండ్రి" అంది.

చూపించాను హరీ. అన్నీ ఇచ్చాను. కూర్చుని ఒక్కొక్కటి విప్పి చదివింది. ప్రశాంత్ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. పెట్టె తిరిగి పంపమని నువ్వు రాసిన ఫిబ్రవరి ఉత్తరం రెండుసార్లు చదివింది. అన్నీ మడిచి నా చేతికిచ్చి అంది కదా, "మీ ఇద్దరికి ఒకల మీద ఒకలకు కుళ్ళు అని నవ్వుకుంటుంటి. నాకు మీ ఇద్దరి మీద కుళ్ళు. ఒకలకొకలు గిన్ని కాయితాలు రాసుకుంటిరి, నా పేరు మీద ఒక్కటి లేకపాయె. గా బల్లికి జ్వరమొస్తదని ఫికరు పెట్టుకున్నోళ్ళు నాకు జ్వరమొస్తె అడిగిండ్రా?" జనవరిలో ఆమెకు టైఫాయిడ్ వచ్చింది, వారం రోజులు దవాఖానలో ఉంది. నేను నీకు రాయలేదు. ఆ నెల నేను నీ కోటసారస్ మీద కోపంతో ఉన్నాను.

ఆమే పెట్టె కట్టింది. పాత చీర చింపి చుట్టూ కుక్కింది. కార్గోకు ఆమే తీసుకుపోయింది. ఎల్లుండికి నీకు అందుతుంది. నువ్వు గెలిచావు. ఇంట్లో మీ అక్క నాతో మాట్లాడటం లేదు.

భూమేష్


ఆర్మూర్
ఏప్రిల్ 20

అక్కకు,

బావకు రాసినట్టు పుస్తకాల భాషల రాద్దామని కూసున్న, అస్తలేదు. నీతోని మాట్లాడినట్టే రాస్తున్న.

పెట్టె సోమవారం ముట్టింది. అమ్మ గడప దాటనియ్యలే. "ఆడబిడ్డకు పోయింది ఎన్కకు అస్తదారా? నేను బతికుండంగనే?" అని అరుగు మీదనే పెట్టిచ్చింది. గప్పటిసంది నాతోని మాట్లాడుతలేదు. వినీతతోని చెప్పిస్తున్నది, "అన్నం తినుమను వాన్ని" అని.

నేను పెట్టెను దుకాణంకు తీస్కపోయిన. తలుపు దగ్గరికేసి విప్పిన. నీ చీర ముక్కలు ఒక్కొక్కటి తీసిన. గద్దె ఎన్క అద్దాల అల్మారల నడుమ పెట్టిన. అక్కా, నీకు అబద్ధం చెప్ప. మస్తు సంబురమైంది. మూడు రోజులు పొద్దున మాపున దాన్నే చూసిన. గ్రూపుల ఫొటోలు పెడదామని ఫోను సుత తీసిన. పన్నెండు ఫొటోలు తీసిన. పెట్టలే. ప్రతి ఫొటోల దాని నుదురు మీద నీ బొట్టు కనబడ్డది.

నాల్గో రోజు ఒక రైతు అచ్చిండు, కమ్మర్‌పల్లి నుంచి. గద్దె ఎన్క చూసి "మస్తున్నది సేటూ, ఎవలిచ్చిండ్రు?" అని అడిగిండు. నేనే చేపిచ్చుకున్న అంటె అయిపోవు, గది నిజమే. గాని నోట్లకెల్లి రాలే.

ఫోన్ల నీకు చెప్పింది అబద్ధమక్కా. నీ కోసం చేపియ్యలే. బావ దగ్గర లేంది నా దగ్గర ఉండాలని చేపిచ్చిన. ఎనిమిది నెలలల్ల నిన్ను ఎనిమిది సార్లు సుత యాది చెయ్యలే. బావ ఉత్తరాలల్ల నువ్వు మంచిగున్ననని రాయిపిచ్చినవ్, అమ్మను అడిగినవ్. నేను గా సాలు దాటేసి బల్లి ముచ్చట వెతుక్కున్న. జనవరిల నువ్వు దవాఖానల ఉన్నవ్, నేను నిర్మల్‌ల దాని రంగులు చూసుకుంట కూసున్న. బావ రాయలే సరే, నాకు ఫోను లేదా? బల్లుల ముచ్చట ఫోన్ల మాట్లాడద్దన్నవ్ గాని నీతోని మాట్లాడద్దనలే గద.

ఇయ్యాల కార్గోల పెట్టిన. కింద పసుపు మూట, మీద పెట్టె. మూట నేనే కట్టిన, కొమ్ములు నేనే ఏరిన. ఇది అమ్మ తెల్వక పంపింది గాదు, నేను తెలిసి పంపుతున్న. నీ పేరు మీదనే వేసిన, బావ పోతె ఇయ్యరు. నువ్వే పోయి సంతకం పెట్టి తీస్కో. మళ్ళ ఎన్కకు పంపకు అక్కా, నీ కాళ్ళు మొక్కుత.

నాకు కుళ్ళు పోయిందనుకోకు. పోలే. పెట్టెకు తాడు కట్టేటప్పుడు చెయ్యి ఆగింది. మూత మళ్ళ విప్పి ఒకసారి చూసి కట్టిన. రేపు నీ మిషన్ మీద అది ఉంటది, నా అల్మారల నడుమ జాగ ఖాళీ ఉంటది. అది తలుసుకుంటె ఇప్పుడు సుత గుండె మండుతున్నది.

వచ్చే ఆదివారం వినీత, అమ్మ, నేను వస్తున్నం. నువ్వేమన్న అను, పడత. అన్నం పెట్టకపోయినా సరే. మిషన్ పక్కన ఒక కుర్చీ వేస్తె కూసొని జరసేపు చూసుకొని పోత, ముట్ట.

అందాక దాన్ని బావను గిట్ల ముట్టనియ్యకు.

నీ తమ్ముడు
హరి